బాబా చేతికి కుదిరిన పిడి

దుకాణంలో ఆ రివాల్వర్ చేతిలోకి తీసుకున్న మరుక్షణమే బాబా ముఖం చిట్లించాడు. బరువుకి కాదు. దాని పిడి ఆయన అరచేతిలో కుదరలేదు. సన్నటి, నున్నటి చెక్క పిడి అది. మూడు వేళ్లు పట్టేసరికే చోటు అయిపోయింది, చిటికెన వేలు గాలిలో ఉండిపోయింది. ఆయన అటూ ఇటూ మార్చి పట్టుకుని చూశాడు. చివరికి దాన్ని కౌంటర్ మీద పరిచిన గుడ్డపై పెట్టి, బొటనవేలి మొదలు దగ్గర రుద్దుకున్నాడు. నేను ఆయన చేతికర్ర పట్టుకుని వెనకాల నిలబడి ఉన్నాను. నచ్చలేదని చెప్పి బయటికి నడిస్తే బాగుండునని మనసులో అనుకుంటున్నాను.

నేను దోహాలో ఇంటి డ్రైవర్‌ని. మాది కడప జిల్లాలో ఒక పల్లె. వచ్చిన దగ్గర్నుంచీ ఒకే ఇంట్లో పనిచేస్తున్నాను. ఆ ఇంటి పెద్దాయన్ని పనివాళ్లమందరం బాబా అంటాం. ఆయన మిలిటరీలో పనిచేసి ఎప్పుడో రిటైరయ్యాడు. కూతురు, అల్లుడు, వాళ్ల పిల్లలు అదే ప్రహరీలోపల పక్క విల్లాలో ఉంటారు. ఆమెను మేడమ్ అంటాం. బాబా ఇంట్లో వంట చేసే అక్కది కోనసీమ. నాకంటే ముందు నుంచీ ఆ ఇంట్లో ఉంది. వంటింటి వెనక మెట్ల మీద కూర్చుని టీ తాగుతూ తెలుగులో నాలుగు మాటలు మాట్లాడుకోవడానికి నాకు ఆమె, ఆమెకు నేను.

అంతకు ముందు చలికాలంలో బాబా భార్య చనిపోయింది. చాలా కాలంగా మంచంలో ఉన్న మనిషే. అయినా ఆమె పోయాక ఇల్లు ఇల్లులా లేదు. సాయంత్రాలు స్నేహితులు వచ్చి కూర్చునే మజ్లిస్ గది తలుపులు మూతపడ్డాయి. వచ్చినవాళ్లకి ఒంట్లో బాగాలేదని చెప్పమన్నాడు. కొన్నాళ్లకి రావడం మానేశారు. ఆయన ప్రాణంగా పెంచుకున్న డేగని తమ్ముడి కొడుక్కి ఇచ్చేశాడు. చేపలు పట్టడానికి వెళ్లే చిన్న పడవని ఎవరో పాత స్నేహితుడికి ఇచ్చేశాడు. ఒక రోజు కారు దిగుతూ తన బైనాక్యులర్స్ నా ఒళ్లో పెట్టాడు.

"నాకెందుకు బాబా?" అన్నాను.

"ఉంచుకో. నాకు దూరంగా చూడాల్సిందేమీ లేదు," అన్నాడు.

అప్పుడు మొదలైంది నాకు గుబులు. మా చిన్న మేనమామ పోయే ముందు కూడా ఇలాగే ఉండేవాడు. ఎవరినీ విసుక్కోకుండా, దేనికీ గొడవ పడకుండా, తన వస్తువులు ఒక్కొక్కటే అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఇచ్చేశాడు. మనిషి నెమ్మదించాడని అమ్మ సంతోషపడింది. ఆ సంతోషం నిలవలేదు. మామ ఎలా పోయాడో మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ పైకి అనరు.

అందుకే ఆ రోజు ఫిజియోథెరపీ నుంచి తిరిగి వస్తూ, "ఇంటికి కాదు, ఎడమకి తిప్పు," అని ఆయన నన్ను తుపాకుల దుకాణం ముందు ఆపించినప్పుడు నాకు ఇంజన్ ఆపబుద్ధి కాలేదు.

కౌంటర్ దగ్గర సిరియా మనిషి ఒకడు ఉన్నాడు. ఓపిక ఉన్నవాడు. కీళ్లవాతంతో వాచిన బాబా చేతులు చూసి, ముందు తేలికపాటి పిస్తోళ్లు రెండు మూడు తీసి పరిచాడు. బాబా వాటివైపు చూడనైనా చూడలేదు. అద్దాల కింద వెనక వరసలో ఉన్న పాతకాలం తరహా రివాల్వర్లు చూపించాడు.

"అవి సింగిల్ యాక్షన్ సార్," అన్నాడు అతను. నాకూ అర్థమయ్యేలా హిందీ కలిపి చెబుతున్నాడు. "ట్రిగ్గర్ ఒక్కటీ నొక్కితే పేలవు. ప్రతిసారీ ముందు ఈ వెనక ఉన్న హ్యామర్‌ని బొటనవేలితో లాగి నిలబెట్టాలి. ఆ తర్వాతే ట్రిగ్గర్. మళ్లీ పేల్చాలంటే మళ్లీ లాగాలి. తూటాలు కూడా పక్కనున్న చిన్న తలుపు తెరిచి ఒక్కొక్కటే పెట్టాలి, ఒక్కొక్కటే తీయాలి. మీ బొటనవేలికి కష్టం."

"నాకు తెలుసు. అదే కావాలి," అన్నాడు బాబా.

అతను వరసగా తీసి చూపించాడు. ఒకటి మరీ పెద్దది, ఎత్తగానే బాబా మణికట్టు వాలిపోయింది. ఇంకొకటి చిన్నది, బొమ్మలా ఉందని పక్కన పెట్టేశాడు. మూడోదాని గొట్టం పొడుగు, ముందుకి తూగుతోందన్నాడు. నాలుగోది మధ్యరకం, ఆ సన్నటి చెక్క పిడిదే. దాని హ్యామర్ వెడల్పుగా, కిందికి వంగి ఉంది. పిడి మీద పట్టు సడలించకుండానే బొటనవేలు దానికి అందింది. బాబా దాన్ని లాగాడు. టిక్కుమంటూ శబ్దం వచ్చింది. నొప్పికి కళ్లు మూసుకున్నాడు. అయినా మళ్లీ లాగాడు.

"ఇదే," అన్నాడు. "కానీ పిడి బాగాలేదు."

"పిడి మార్చొచ్చు సార్," అన్నాడు సిరియా మనిషి. "తుపాకీ నచ్చితే చాలు, పిడి చేతిని బట్టి పెట్టించుకోవచ్చు. పర్మిట్ వచ్చేదాకా తుపాకీ ఎలాగూ మా దగ్గరే ఉంటుంది. ఈలోగా మీరు వచ్చి చూసుకుంటూ ఉండండి."

పర్మిట్‌కి చాలా రోజులు పడుతుందని విన్నాక కాస్త ఊపిరి వచ్చింది.

ఆ సాయంత్రమే బాబా వంటింట్లోకి వచ్చాడు. నేను కూరగాయల సంచులు దింపుతున్నాను. అక్క రొట్టెల పిండి పిసుకుతోంది. భార్య చనిపోయాక ఆయన వంటింట్లో అడుగుపెట్టడం అదే మొదటిసారి. పిండి ముద్ద ఒకటి ఇమ్మని అడిగాడు. అక్క తెల్లబోయి ఇచ్చింది. ఆయన దాన్ని పొడుగ్గా చేసి, పిడికిలిలో పట్టుకుని గట్టిగా నొక్కి, వేళ్లు తీసి చూశాడు. వేళ్ల మధ్య పిండి గట్లు కట్టింది. అరచేతి లోపలి గుంట ముద్దలా పైకి తేలింది. మళ్లీ చేశాడు. మళ్లీ. ముక్కు మీద పిండి అంటింది. అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. ఆయన కూడా నవ్వాడు.

"ఎన్నాళ్లయిందో తమ్ముడూ ఆయన నవ్వి," అంది అక్క, ఆయన ఆ ముద్దని పళ్లెంలో పెట్టుకుని వెళ్లిపోయాక. "ఇంతకీ ఆ పిండితో ఆటలేంటి?"

"ఆట కాదక్కా. తుపాకీ పిడికి కొలత తీసుకున్నాడు. తుపాకీ కొంటాండాడు."

అక్క చేతులు పిండిలోనే ఆగిపోయాయి. "తుపాకీ ఎందుకంట?"

"అదే నాకు తెలీక సస్తాండా. డేగనిచ్చేసినాడు, పడవనిచ్చేసినాడు. వేటకి పోయే మనిషైతే డేగనెందుకు ఇచ్చేస్తాడు? నాకేమో బయమైతాందక్కా."

ఆమెకి విడమరిచి చెప్పనవసరం లేకపోయింది. చేతులు కడుక్కుని వచ్చి మెట్ల మీద కూర్చుంది. కాసేపటికి అంది, "పిచ్చి తమ్ముడూ, అలాంటి ఆలోచన ఉన్నవాడు పిడి సుఖంగా ఉందా లేదా అని చూసుకుంటాడా? ఒక్కసారికి చెయ్యి నొప్పెడితే ఏం, పెట్టకపోతే ఏం? ఈయన ఇంకా చాలాసార్లు పట్టుకుందామనుకుంటున్నాడు కాబట్టే కొలతలు తీసుకుంటున్నాడు."

ఆ మాట నాకు ఎంత ఊరట ఇచ్చిందో చెప్పలేను. ఆ రాత్రి హాయిగా పడుకున్నాను. కానీ పొద్దున లేచేసరికి అంత గట్టిగా అనిపించలేదు. మా మామ చివరి రోజుల్లో చెప్పులు తెగిపోతే కుట్టించుకుని వచ్చాడు. మనుషుల లోపల ఏముందో ఇలాంటి లెక్కతో తేలదు.

తర్వాత కొన్ని వారాలు ఆసుపత్రి, దుకాణం, ఇల్లు, ఇదే మా దారి. ఫిజియోథెరపీలో ఆయనకి రబ్బరు బంతి ఒకటి ఇచ్చి నొక్కమనేవాళ్లు. కార్లో దాన్ని సీటు కిందకి విసిరేసేవాడు. తుపాకీ దుకాణంలో మాత్రం చెప్పులు వదిలి వచ్చిన భక్తుడిలా బుద్ధిగా నిలబడేవాడు.

మొదట నల్ల రబ్బరు పిడి బిగించి ఇచ్చారు. వేళ్లకి గాడులున్నాయి. మెత్తగా ఉంది, పేలినప్పుడు చేతికి తగిలే ఎదురుదెబ్బ బాగా తగ్గిస్తుందని సిరియా మనిషి చెప్పాడు. కానీ అది అరచేతిని జిగురులా పట్టేసింది. హ్యామర్ లాగడానికి చెయ్యి రవ్వంత పైకి జరపాలి. రబ్బరు జరగనివ్వలేదు. పైగా ఆ గాడులు ఎవరి వేళ్లకో చేసినవి, వాపెక్కిన బాబా వేళ్లు వాటి గట్ల మీద కూర్చున్నాయి. తీసేయించాడు. రెండోది మందపాటి చెక్క పిడి, మీద గళ్లు చెక్కి ఉన్నాయి. పట్టు బాగానే ఉంది గానీ గళ్లు ఆకురాయిలా గీసుకున్నాయి. మూడోసారి పిండి ముద్ద ఎండిపోయి గట్టిపడిన ఆ అచ్చుని గుడ్డలో చుట్టుకుని తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. సిరియా మనిషి నవ్వలేదు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అరచేతి గుంటలోకి నిండుగా, కింద కాస్త పొడుగ్గా, ట్రిగ్గర్ వెనక ఖాళీ లేకుండా. అలా ఉంటే నడిమి వేలి కణుపుకి దెబ్బ తగలదు," అన్నాడు. వాల్‌నట్ చెక్కతో చేయించి పెడతానన్నాడు.

అది వచ్చిన రోజు బాబా చేతిలో పెట్టగానే నాకు తెలిసిపోయింది. మెరుగు లేని గోధుమరంగు చెక్క. ఆయన చిటికెన వేలికి కూడా చోటు దొరికింది. హ్యామర్ లాగితే నొప్పి ముఖంలో కనిపించలేదు. ఇంకోసారి లాగి, నెమ్మదిగా వదిలి, చాలాసేపు దాన్నలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఆయన భుజాలు కిందికి దిగాయి. ఏదో పని ముగిసినట్టు ఉంది ఆయన వాలకం. ఆ పిడి ఎంత కుదిరితే నాకు అంత భయంగా ఉండేది.

బయటికి వచ్చాక ఇంటికి వద్దన్నాడు. మెసయీద్ వైపు పొమ్మన్నాడు. అక్కడి ఫ్యాక్టరీలు దాటాక ఇసుక దిబ్బల పక్కన సముద్రం ఉంటుంది. ఒకప్పుడు శుక్రవారాలు ఆయన్నీ ఆయన భార్యనీ నేనే అక్కడికి తీసుకెళ్లేవాణ్ణి. పొగగొట్టాలు కనిపించేసరికి నేను ఇంక ఉండబట్టలేకపోయాను.

"బాబా, ఒక మాట అడుగుతాను. కోపం వద్దు."

"అడుగు."

"ఆ తుపాకీ ఎందుకు?"

ఆయన నావైపు తిరిగాడు. ఆయన ఎప్పుడూ నా పక్క సీట్లోనే కూర్చుంటాడు. "నీకెందుకు?"

"మీ గురించి భయంగా ఉంది."

వచ్చీరాని అరబ్బీలో అంతకంటే మెత్తగా ఎలా చెప్పాలో నాకు చేతకాలేదు. ఆయనకి అర్థమైంది. ముఖం ఎర్రబడింది. "కారు ఆపు," అన్నాడు. రోడ్డు పక్కన ఆపాను. చేతికర్ర కూడా తీసుకోకుండా దిగి, ఇసుక మీద కొంత దూరం నడిచి, నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. గాలికి ఆయన తెల్ల దుస్తులు ఎగురుతున్నాయి. వెళ్లి పక్కన నిలబడనా వద్దా అని నేను తలుపు పట్టుకుని ఉండిపోయాను. తిరిగి వచ్చి వెనక తలుపు తెరుచుకుని వెనక సీట్లో కూర్చున్నాడు.

"ఖలాస్. ఇంటికి పోనీ," అన్నాడు.

అన్నేళ్లలో ఆయన వెనక సీట్లో కూర్చోవడం అదే మొదలు. ఆయన నన్ను తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు.

అక్కకి చెబితే తల పట్టుకుంది. "నువ్వెందుకు అడిగావయ్యా? మనం పనివాళ్లం. వాళ్ల ఇంటి సంగతి వాళ్లు చూసుకుంటారు. రేపు పొమ్మంటే ఏం చేస్తావు?"

"పోతా. కానీ ఏమన్నా అయినాక నాకు ముందే తెలుసునని ఎవురితో చెప్పుకోవాల?"

మర్నాడు నేను మేడమ్ దగ్గరికి వెళ్తుంటే అక్కే గుమ్మం దాకా వచ్చి, "నెమ్మదిగా చెప్పు తమ్ముడూ. కన్నతండ్రి కదా," అంది.

మేడమ్ పిల్లల్ని స్కూలుకి పంపి వరండాలో నిలబడి ఉంది. డేగ, పడవ, బైనాక్యులర్స్, దుకాణం, పిడి, అన్నీ చెప్పాను. నేను అనలేని మాట ఆమే అంది.

"మా నాన్న ప్రాణం తీసుకుంటాడని చెబుతున్నావా? మా నాన్న గురించి? ఆయన నమాజు తప్పని మనిషి. నీకెంత ధైర్యం?"

"తప్పయితే క్షమించండి మేడమ్. తప్పే కావాలని కోరుకుంటున్నాను."

ఆమె ఇంకా ఏదో అనబోయి ఆగింది. కుర్చీలో కూర్చుంది. గొంతు తగ్గించి, "పోయిన వారం అమ్మ నగల పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టాడు. నా దగ్గరెందుకు అన్నాడు. నేను సంతోషించాను," అంది. కళ్లు తుడుచుకుని, "నువ్వు వెళ్లు. ఎవరితోనూ అనకు," అంది.

ఆ తర్వాత ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. పక్క విల్లాలోంచి తండ్రీ కూతుళ్ల గొంతులు పెద్దగా వినిపించాయి. అల్లుడూ మధ్యలోకి వచ్చాడు. ఒక డాక్టరు ఇంటికి రావడం మొదలుపెట్టాడు, చేతులు చూసే డాక్టరు కాదు. పర్మిట్ వచ్చింది. కానీ రివాల్వర్ ఇంటికి రాలేదు. షూటింగ్ రేంజ్‌లో లాకరు తీసుకుని అందులో పెట్టించారు. తాళం అల్లుడి దగ్గర. ఇష్టమైనప్పుడు వెళ్లి కాల్చుకోవచ్చు, ఇంటికి తేకూడదు. బాబా ఒప్పుకున్నాడని అక్క చెప్పింది. ఎలా ఒప్పుకున్నాడో ఆమెకీ తెలియదు.

ఒక మధ్యాహ్నం ఆయన నన్ను మజ్లిస్‌లోకి పిలిచాడు. కిటికీలు తెరిచి ఉన్నాయి. కూర్చోమన్నాడు. నేను తలుపు దగ్గర కూర్చున్నాను.

"నేను చస్తానని నా కూతురికి చెప్పావు."

"భయపడుతున్నానని చెప్పాను బాబా."

"ఆ పిల్ల ఎంత ఏడ్చిందో తెలుసా?"

నేను తల వంచుకున్నాను. కాఫీ పోసుకుందామని ఫ్లాస్కు ఎత్తాడు. మూత తిరగలేదు. నేను లేవబోతే వద్దని సైగ చేశాడు. చాలాసేపు తంటాలు పడి తనే తిప్పాడు.

"నీ భయం తప్పని చెబుదామని పిలిచాను," అన్నాడు. "నిన్నటిదాకా అదే అనుకున్నాను. కుర్రతనంలో ట్రెయినింగ్‌కి పరదేశం పోయినప్పుడు అలాంటి దాంతో కాల్చేవాణ్ణి. పెళ్లి కాకముందు. అప్పటి చెయ్యి ఒక్కసారి గుర్తు చేసుకుందామని కొన్నాను. కూతురికి అదే చెప్పాను. డాక్టరుకీ అదే చెప్పాను."

"అంతేనా బాబా?"

ఆయన కాఫీ ఒక గుక్క తాగాడు. "కొనేటప్పుడు ఏమనుకున్నానో నాకే సరిగ్గా తెలియదు. పిడి కుదరలేదు కాబట్టి మర్నాడు మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. ఆ మర్నాడు మళ్లీ. అది కుదిరిన రోజు ఇంక ఎక్కడికి వెళ్లాలో తోచలేదు. అందుకే నిన్ను సముద్రం దగ్గరికి పొమ్మన్నాను." కాఫీ గిన్నె కింద పెట్టాడు. "నువ్వు అడగకపోతే ఆ రోజు నేనేం చేసేవాణ్ణో నన్నడగొద్దు. నన్ను నేను కూడా అడగను."

తుపాకీ దుకాణంలోనే ఉంది కదా, ఆ రోజు ఆయన దగ్గర లేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ సముద్రం ఉంది.

"గురువారం రేంజ్‌కి తీసుకుపో," అన్నాడు. "నువ్వే. చూద్దువు గాని."

తీసుకెళ్లాను. అల్లుడు నాకిచ్చి పంపిన లాకరు తాళం రేంజ్ మనిషి చేతిలో పెట్టాను. చెవులకి మూతలు పెట్టి నన్ను అద్దం ఇవతల నిలబెట్టారు. రేంజ్ మనిషి పక్కనే ఉండి తూటాలు ఒక్కొక్కటే అందించాడు. బాబా బొటనవేలు హ్యామర్ మీదికి వెళ్లింది. లాగాడు, నిలిపాడు, ఊపిరి తీసుకున్నాడు. మొదటి దెబ్బకి చెయ్యి పైకి లేచింది గానీ పిడి చేతిలోంచి జారలేదు. ఒక్కో దెబ్బకీ మధ్యలో అంతసేపు ఆగుతుంటే, ఆ ఆగిన సేపు నేను ఊపిరి తీసుకోలేకపోయాను. కాగితం మీద రెండే తగిలాయి. ఆయన ఆ కాగితాన్ని చూసి పెదవి విరిచి, ఇంకోసారి నింపమన్నాడు. అయ్యాక అరచెయ్యి చూసుకుంటూ బయటికి వచ్చాడు. ఎర్రగా కందింది గానీ ఎక్కడా గీసుకోలేదు.

"పిడి బాగుంది," అన్నాడు.

ఆ నెలాఖర్లో మేడమ్ నన్ను పిల్లల స్కూల్ డ్యూటీకి మార్చింది. బాబాకి వేరే డ్రైవర్‌ని పెట్టారు, మలయాళీ, మంచివాడు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఆ మార్పు బాబానే చెప్పి చేయించాడో, మేడమ్ ఆలోచనో అడగలేదు. తన గురించి అంత తెలిసినవాడి పక్కన రోజూ కూర్చోవడం ఆయనకి కష్టమేమో. నాకైనా అంతే. ఎదురుపడితే సలాం చెబుతాను, ఆయన తల ఊపుతాడు. మజ్లిస్‌కి మళ్లీ ఒకరిద్దరు వస్తున్నారు. తిండి మామూలుగానే తింటున్నాడని అక్క చెబుతుంది.

గురువారాలు మధ్యాహ్నం ఆయన కారు రేంజ్‌కి బయల్దేరుతుంది. అక్క అన్నం పెట్టి పిలుస్తుంది. నేను కాసేపు ఆగి తింటానంటాను. ఆమె మూత పెట్టి లోపలికి వెళ్లిపోతుంది. గేటు మళ్లీ తెరుచుకున్న శబ్దం, కారు ఆగిన శబ్దం, ఆ తర్వాత చేతికర్ర నేలకి తగిలిన శబ్దం విన్నాక కూర్చుని తింటాను.